గింజలు రాని సరంగు

ఎనిమిదేళ్ళుగా ఒక విషయం మోస్తున్నాను. హత్య కాదు, కంగారుపడకండి. పోలీసులకి చెబితే టీ ఇచ్చి పంపిస్తారు. అయినా బరువుగానే ఉంది. ఎవరైనా నన్ను మెచ్చుకున్నప్పుడల్లా అది కొంచెం పెరుగుతుంది. ఈ మధ్య జనం నన్ను మరీ ఎక్కువగా మెచ్చుకుంటున్నారు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు చెప్పను. ఇలాంటి మాటలకి ఇంతకంటే వీలైన పరిచయం ఉండదు.

ముందు నా గొప్ప కాస్త చెప్పుకోనివ్వండి. అది తెలియకపోతే తప్పు అర్థం కాదు.

మేం కొందరం కలిసి తెలుగులో ఒక ఆట తయారుచేశాం. టేబుల్ చుట్టూ కూర్చుని ఆడే కథ అది. ఒకరు కథ నడుపుతారు, ఆయన కథకుడు. మిగతావాళ్ళు తలా ఒక పాత్ర. మాయలు, రాక్షసులు, నీట మునిగిన కోటలు, నది మధ్య లంకలు. పాత్ర ఏదైనా సాహసానికి దిగితే ఆటగాడు ఆరు గవ్వలు వేస్తాడు. ఎన్ని వెల్లకిలా పడ్డాయో చూసి, పని అయిందో చెడిందో కథకుడు చెబుతాడు. ఎన్ని పడితే పని అవుతుందో కథకుడికి మాత్రమే తెలుసు. ఆ అంకెలున్న కాగితం ఆయన ముందు నిలబెట్టిన అట్టతెర వెనక ఉంటుంది. ఆటలో భయం అక్కడినుంచే పుడుతుంది. ఈ ఏర్పాటు నాదే. మా ఆటలో కథకుణ్ణీ నేనే.

బాపట్లలో చదువుకునేటప్పుడు హాస్టల్ గదిలో మొదలుపెట్టాం. పాత్రల రకాల్ని ఇంగ్లీషు ఆటల్లో క్లాసు అంటారు. తెలుగులో ఏమనాలో తేలక ఒక వారం గడిచింది. తరగతి అంటే హాజరు వేయాలనిపించింది. ఒకడు 'కులం' అందామన్నాడు. ఆ మాటతో మొదలుపెడితే ఆట రాక్షసుల దాకా వెళ్ళదని మిగతావాళ్ళం నచ్చజెప్పాం. చివరికి 'వృత్తి' దగ్గర ఆగాం.

వృత్తులు కల్పించడంలో నాకొక నియమం ఉండేది. పేరు మీద వేలు పెట్టి మూసేసినా, ఆటగాడి చేతులు చూసి అతనిది ఏ వృత్తో చెప్పగలగాలి. అందరూ ఒకేలా గవ్వలు వేసి, ఒకడు కత్తి అని, ఇంకొకడు మంత్రం అని అంటే అవి రెండు వృత్తులు కావు, రెండు పేర్లు. మా యోధుడు గవ్వల్ని ఒక్కొక్కటిగా వేస్తాడు. ఎక్కడ ఆపాలో అతనిష్టం, ఆశపడితే అతని ఖర్మ. మంత్రగత్తె గవ్వలే ముట్టదు. చింతగింజల్ని ఒకదానిమీద ఒకటి నిలబెడుతుంది. ఎంత ఎత్తు నిలిస్తే మంత్రం అంత పెద్దది, కూలితే ఆమె నెత్తిన పడుతుంది. ఇలాంటివి ఆరు చేశాను. ఆరూ బాగున్నాయి. ఇలా చెప్పుకోవడం బాగుండదని తెలుసు. అవి మాత్రం బాగున్నాయి.

ఏడోది రాలేదు. ఎనిమిది నెలలు కూర్చున్నాను. మూడు నోటుపుస్తకాలు అయిపోయాయి. వైద్యుడు అన్నాను, యోధుడికి అన్నలా తయారయ్యాడు. గూఢచారి అన్నాను, దొంగకి మేనల్లుడు.

అప్పటికి అందరం ఉద్యోగాల్లో పడ్డాం. నేను బాపట్లలో ఒక కాలేజీలో ఫిజిక్సు చెబుతున్నాను. ఆదివారాలు తెనాలిలో సుబ్బారావు ఇంటి మేడ మీద కలిసేవాళ్ళం. సుబ్బారావు బ్యాంకులో క్లర్కు, మా ఆటలో దొంగ. రెండూ ఒకటేనని తనే అంటాడు, మేం అనక్కర్లేదు. ఆ రోజుల్లోనే కోటేశ్వరి రావడం మొదలుపెట్టింది. మేం చదివిన కాలేజీలో నాకంటే మూడేళ్ళు చిన్న. నాన్న నిజాంపట్నంలో మరబోటు మీద సరంగు, అంటే బోటు నడిపే పెద్ద. ఆమె రేపల్లెలో గది తీసుకుని ఒక బడిలో లెక్కలు చెప్పేది. ఆదివారం పొద్దున్నే రేపల్లెలో ప్యాసింజరు ఎక్కి తెనాలి వచ్చేది. వచ్చి, ఒక మూల కూర్చుని, ఎక్కువ మాట్లాడకుండా ఆడేది.

ఒక ఆదివారం నా చేతికి ఒక కాగితం ఇచ్చింది. "అన్నయ్యా, ఏడోది ఇలా ఉంటే ఎలా ఉంటుందో చూడండి," అంది. రైల్లో రాసిందట.

వృత్తి పేరు సరంగు. అతను దేనికీ గవ్వలు వేయడు. మిగతావాళ్ళలో ఎవరి పని చెడినా ఒక చింతగింజ సరంగు ముందుకు వస్తుంది. ఏడు గింజలు చేరితే పోటు. సముద్రం పోటెత్తితే గానీ బోట్లు ఏరు కలిసే మొగ దాటి సముద్రంలోకి పోలేవు కదా, అలా. పోటు వచ్చినప్పుడు సరంగు ఒకే ఒక్క పని చేయగలడు. అందర్నీ ఒకేసారి దాటిస్తాడు. నదిని కానీ, యుద్ధాన్ని కానీ, దేన్నయినా సరే. తనొక్కడే దాటడానికి వీల్లేదు. తర్వాత గింజలన్నీ తిరిగి టేబుల్ మధ్య పళ్ళెంలోకి పోతాయి. అది పాటు. మళ్ళీ ఎదురుచూడాలి.

అరపేజీ.

మిగతా వృత్తులన్నీ తమ వంతు వచ్చేదాకా ఫోన్లు చూసుకుంటాయి. ఇది అందరి వంతుల్లోనూ ఆడుతుంది. పక్కవాడి ఓటమిని చేతిలోకి తీసుకుని దాచుకుంటుంది. నా నియమానికి నా ఆరు వృత్తుల కంటే బాగా లొంగింది. అది చదివాక నాకు కలిగింది సంతోషమని రాయాలని ఉంది. సంతోషమైతే మంచినీళ్ళు తాగడానికి లేచి వెళ్ళి, అక్కడ అంతసేపు ఎందుకు నిలబడ్డాను?

"వచ్చే ఆదివారం ఆడి చూద్దాం," అన్నాను.

ఆ వచ్చే ఆదివారం గురించే ఇదంతా.

కోటేశ్వరి సరంగుగా కూర్చుంది. మొదటి గండం ఒక కూలిన వంతెన. సుబ్బారావు గవ్వలు వేశాడు. రెండే వెల్లకిలా పడ్డాయి. నా కాగితంలో నాలుగు అని ఉంది. పని చెడింది. ఒక గింజ కోటేశ్వరి ముందుకు వెళ్ళాలి.

"అయింది. దాటేశావు," అన్నాను.

ఎందుకన్నానో అప్పుడు నాకు నిజంగా తెలియదు. రెండోసారి తెలుసు. మూడోసారి దాకా వచ్చేసరికి నైపుణ్యం కూడా వచ్చేసింది. గవ్వలు ఓడినప్పుడల్లా గెలిచాయని చెప్పాను. అనుమానం రాకుండా అక్కడక్కడా ఒక ఓటమిని వదిలాను. ఓడిపోతుంటే జనం తెర వెనక్కి తొంగిచూస్తారు. గెలుస్తున్నప్పుడు కథకుడు మోసం చేస్తున్నాడని ఎవరూ అనుకోరు. అందర్నీ గెలిపించి ఒక్క మనిషిని ఓడించవచ్చని నేనే కనిపెట్టాను. సిగ్గులేకుండా ఇంకో మాట కూడా చెప్పాలి. ఆ రోజు నడిపినంత బాగా నేను ఎప్పుడూ కథ నడపలేదు. మేడ మీద ఈలలు, చప్పట్లు. సుబ్బారావు భార్య పకోడీల పళ్ళెంతో పైకి వచ్చి, ఏంటీ గోల అని నవ్వింది.

మూడు గంటలకి కోటేశ్వరి ముందు మూడు గింజలున్నాయి.

"ఏంటమ్మా, మీ సరంగు పొద్దుట్నుంచి లంగరేసుక్కూర్చున్నాడు?" అన్నాడు సుబ్బారావు.

"ఎవరైనా మునిగితే కదండీ, లేచేది."

"మమ్మల్ని మునగమంటావా?"

"ఒక్కసారి మునగండి సుబ్బారావు గారూ, పుణ్యముంటుంది."

"నాకు ఈత రాదు తల్లీ. పైగా ఇవాళ నా చెయ్యి బంగారం. ఆ మూడు గింజలూ ఇంటికి పట్టుకెళ్ళి పులుసులో వేసుకో."

"పులుసులో గింజ వెయ్యరండీ, తీసేస్తారు," అంది కోటేశ్వరి. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. ఆ నవ్వుతోనే నా వైపు తిరిగింది.

"తప్పెక్కడుందన్నయ్యా? లెక్క సరిగ్గానే వేశాను. ఈపాటికి రెండు పోట్లు రావాలి."

అప్పుడు చెప్పి ఉండొచ్చు. తెర పక్కకి జరిపి కాగితం చూపించి, నీ లెక్క సరైనదే, నా బుద్ధే సరిగా లేదు అని ఉండొచ్చు. సుబ్బారావు నాలుగు తిట్లు తిట్టేవాడు, పకోడీలు చల్లారేవి, అంతటితో అయిపోయేది. ఎన్నిసార్లు ఆ నిమిషంలోకి తిరిగి వెళ్ళానో లెక్కలేదు.

"లెక్కలో బాగుందమ్మా. ఆటలో రాదు. కొన్ని అంతే," అన్నాను. పాఠం చెప్పే గొంతుతో అన్నాను. ఆ గొంతు నాకు వృత్తిరీత్యా ఉంది.

"అయితే తీసేయండి," అంది. గింజలు మూడూ తనే మధ్యలోని పళ్ళెంలో వేసింది.

తర్వాత రెండు నెలలు వచ్చింది. అంతకుముందు ఉప్పుమడుల్లో పనిచేసే మనిషి మీద ఒక వృత్తి రాస్తానని అనేది. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. తర్వాత రావడం మానేసింది. రైలు టైము కుదరడం లేదంది. రైలు టైము మారలేదు. నేను చూశాను.

రెండేళ్ళకి ఆట పుస్తకంగా అచ్చయింది. అందులో ఏడు వృత్తులున్నాయి. ఏడోది సరంగు. కల్పన: నేను. ఆమె రాసిన ఏడు గింజల్ని ఆరు చేశాను. ఆ వృత్తిలో నా కృషి అంతా ఆ ఒక్క అంకె.

ఆటని ఊళ్ళు దాటించింది సరంగే. పక్క జిల్లాల్లోనూ ఆడుతున్నారు. ఏ ఊళ్ళో ఎవరు కలిసినా ముందు దాని గురించే అడుగుతారు, ఆ ఆలోచన ఎలా వచ్చింది సార్ అని. నిజాంపట్నం హార్బరులో పోటుపాట్లు చూస్తుంటే తట్టిందని చెబుతాను. అక్కడికి నేను వెళ్ళింది ఒకే ఒక్కసారి, రొయ్యల కోసం. చెప్పగా చెప్పగా ఆ సాయంత్రం నాకు కళ్ళకి కట్టినట్టు కనబడుతుంది, గాలితో సహా. అబద్ధమాడేవాడికి ఎదుటివాళ్ళ కంటే ముందు తనకే నమ్మకం కుదురుతుందేమో.

కోటేశ్వరికి ఒక ప్రతి పంపాను. 'ఆడి చూసి సాయపడినవారు' అనే జాబితాలో ఆమె పేరు పెట్టాను. పదకొండో పేరు. నాలుగు రోజులకి ఫోన్ చేసింది.

"అన్నయ్యా, ఏడుని ఆరు చేశారు కదా! నాకు తట్టనే లేదు చూడండి. ఆ ఒక్క గింజే అడ్డంపడింది. దాన్ని పారెయ్యకుండా బాగుచేశారు, చాలా థ్యాంక్సండీ."

తిట్టి ఉంటే తట్టుకునేవాణ్ణి. నా దగ్గర జవాబులు సిద్ధంగా ఉన్నాయి, మూడు రకాలు. థ్యాంక్స్‌కి ఏమీ సిద్ధం చేసుకోలేదు. పర్లేదమ్మా అన్నాను. పర్లేదా? ఏది పర్లేదు?

అసలు ఎందుకు చేశాను? అసూయ అంటే సరిపోతుంది కానీ అది తొందరగా తేలిపోయే జవాబు. ఆమె కాగితం బాగాలేకపోతే ఎంతో ప్రేమగా సరిచేసి ఉండేవాణ్ణి, పక్కన కూర్చుని, పెన్సిలుతో, రెండు ఆదివారాలు. చిన్నవాళ్ళకి నేర్పడం నాకిష్టమని నేను నమ్మేవాణ్ణి, ఇప్పటికీ పిల్లలు నన్ను మంచి మాస్టారనే అంటారు. నేర్పడానికి ఏమీ మిగల్చకుండా వచ్చిన మనిషిని చూసేసరికి నాకు చేతులాడలేదు. ఇది అసూయ కంటే చిన్న బుద్ధి. దానికి పేరు కూడా లేదు.

పోయిన నెల, రెండో ముద్రణకి ముందు, బాపట్లలో నా విద్యార్థులతో కూర్చుని పాత కాగితం ప్రకారం ఏడు గింజలతో ఆడించాను. ఆరుతో పోటు మరీ సులువుగా వస్తోందని నాకు కొన్నాళ్ళుగా అనుమానం. ఏడుతో ఆడితే, ఇక అందరూ పోయారు అనుకునే సమయానికి సరిగ్గా వచ్చింది. ఒక పిల్ల కుర్చీ మీదెక్కి అరిచింది. నేను పెట్టిన ఒక్క అంకె కూడా తప్పే. ఆ అరుపు విని నాకు గర్వం వేసింది. నాది కాని దాని మీద అంత గర్వం ఎలా వచ్చిందో తెలియదు. వచ్చింది. ఆట నాది, సరంగు ఆమెది, రెండూ కలిసినచోట ఒక పిల్ల కుర్చీ ఎక్కింది. దాన్ని తక్కువ చేసి చెప్పలేను, ఎంత అలవాటున్నా.

ప్రెస్సు నుంచి ప్రూఫులు వచ్చాయి. సరంగు పేజీలో నా పేరు కొట్టేసి ఆమె పేరు రాశాను. ఆరు కొట్టేసి ఏడు రాశాను. ఆ పేజీ ఫొటో, దాని కింద ఆ ఆదివారం నేను చేసిందంతా, ఏ సాకూ చెప్పకుండా, రాసి నిన్న పొద్దున్న కోటేశ్వరికి పంపాను. చదివినట్టు ఫోన్‌లో నీలం టిక్కులు పడ్డాయి, అంతవరకే. సుబ్బారావుకి కూడా పంపాను. "నా బంగారం చెయ్యి కూడా నీదేనా?" అని ఒక్క వాక్యం వచ్చింది. తర్వాత రెండుసార్లు ఫోన్ చేస్తే తీయలేదు.

ఆమె క్షమించాలని రాయడం లేదు. క్షమిస్తే ఏం చేయాలో నాకు తెలియదు. ఆమె రాయకుండా వదిలేసిన ఆ ఉప్పుమడి మనిషిని పేరు సరిదిద్దితే తెచ్చివ్వలేను. పేరు మార్చడానికి పట్టింది ఎర్ర పెన్నుతో అర నిమిషం. ఎనిమిదేళ్ళు ఎందుకు పట్టిందని మీరు అడగకండి, నేను అడుగుతూనే ఉన్నాను.

మీకు కూడా ఎందుకు చెప్పానంటే, ఇద్దరికి చెప్పాక కూడా నోట్లో ఇంకా కొంత మిగిలింది. ఆ ఆదివారం గవ్వలు ఓడాయి. గెలిచాయని నేను చెప్పాను. రాసి చూసుకుంటే రెండు వాక్యాలే.

బరువు కొంత దిగిందో ఏమో, నిన్నటినుంచి నాకు బాగా ఆకలేస్తోంది.