ఖర్చు లేని రాజీ

అశ్వారావుపేట దగ్గరి పామాయిల్ తోట కోసం మా ఆయనకూ ఆయన చెల్లెలికీ నడుస్తున్న కేసు ఈ రోజు ఖమ్మం కోర్టు మధ్యవర్తిత్వ కేంద్రంలో రాజీ అయింది. తోట చెరిసగం. కట్టిన కోర్టు ఫీజు కూడా వెనక్కి వస్తుందట. "పెద్ద ఖర్చు లేకుండా తేలిపోయింది, అదృష్టవంతులు" అన్నారు మా లాయరు.

సంతకాలయ్యాక మెట్ల దగ్గర మా ఆడబిడ్డ ఆగింది.

"అన్నా, ఈ యేడు నాకు ఒడిబియ్యం పొయ్యాలె. యాదికున్నదా?"

మా ఆయన బండి తాళాలు వెతుక్కుంటూ, తలెత్తకుండానే అన్నారు. "సగం తోట పోస్తిమి గదా నీ ఒడిల. ఇంక బియ్యమెందుకు?"

ఆమె నవ్వబోయింది, నవ్వు రాలేదు.

"తోట కోర్టు ఇప్పిచ్చింది. బియ్యం నువ్వే ఇయ్యాలె గదా అన్నా" అని ఆటో ఎక్కేసింది.

ఇంటికొచ్చి బియ్యంలో పసుపు కలిపి పెట్టాను. ఆయన చూసి లోపలికి వెళ్లిపోయారు. కోపం తగ్గాక తనే బయలుదేరతారేమో, లేదేమో, నాకు తెలియడం లేదు. ఆడపిల్లకు పుట్టింటి ఒడిబియ్యం అన్నావదినలు కలిసి పోయాలంటారు. వదిన ఒక్కతే వెళ్లి పోస్తే చెల్లుతుందా? తెలిసినవాళ్లు చెప్పండి.