ఎక్కడ ఆపాలో నేర్పిన సారు

పోయిన మంగళవారం పొద్దున హోసూరు నుంచి ఫోన్ వచ్చింది, మా స్టూడియో సారు ఇక లేరని. పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా ఆపడానికి నాకు చెయ్యి ఆడలేదు. నాకు పని నేర్పిన మనిషి ఆయన. అంతకంటే, నా తప్పును తన నెత్తిన వేసుకున్న మనిషి. ఆయన గురించి చెప్పాలంటే ఆ తప్పు గురించే చెప్పాలి.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో హోసూరు బస్టాండు దగ్గర ఆయన స్టూడియోలో కంప్యూటర్ పనికి చేరాను. కోర్సు చేసి వచ్చానని కాస్త తలబిరుసు కూడా ఉండేది. సారు బెంగళూరు నుంచి కొత్త సాఫ్ట్‌వేర్ సీడీ తెచ్చారు. ఫోకస్ కుదరక అలుక్కుపోయిన ఫోటోను అది తేటపరుస్తుంది, లెన్సు వల్ల నల్లబడిన మూలలకు వెలుగు తెస్తుంది, వంగిన గోడలను నిలబెడుతుంది. నాకు దాన్ని వదలబుద్ధి అయ్యేది కాదు.

సారుకు మాత్రం ఒక చాదస్తం. ఎవరు పాత ఫోటో తెచ్చినా కుర్చీ వేసి, "ముందు మనిషి ఎట్లుండేదో చెప్పండప్పా, ఫోటో తర్వాత చూస్తాము" అనేవారు. టీ చల్లారిపోయినా తలూపుతూ వింటూనే ఉండేవారు. నేను లోపల్లోపల విసుక్కునేదాన్ని.

ఆయన మత్తిగిరిలో పెళ్లి ఫోటోలకు పోయిన రోజు, వేప్పనపల్లి వైపు నుంచి ఒక మామిడితోట రైతు వచ్చాడు. భార్య పోయి వారమైంది. ఆమెకున్నది ఒకే ఒక్క ఫోటో, అదీ మసక. దినాలకు పెద్దది చేసివ్వమన్నాడు. ఇంకేదో చెప్పబోతుంటే, "అంతా కంప్యూటరే చూసుకుంటాదిలే అప్పా" అని స్కాన్ చేసుకుని, ఫోటో చేతిలో పెట్టి పంపేశాను. లెన్సు తప్పులన్నీ దిద్దాను. గడ్డం మీద మూడు మచ్చలు కనిపిస్తే లెన్సుకు పట్టిన బూజనుకుని తుడిచేశాను. కళ్ల కింద గీతలనూ నున్నగా చేసేశాను. సారు తిరిగొచ్చేసరికి ఫ్రేము కూడా కట్టేసి ఉంది.

దినాల రోజు పొద్దున రైతు వచ్చాడు. పదింటి బస్సు పట్టుకోవాలి, ఇంటినిండా చుట్టాలు ఎదురుచూస్తున్నారు. ఫ్రేము అందుకోబోయి, చూసి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఎవురమ్మా ఈమె?"

"మీ ఇంటామెనే కదప్పా..."

"గడ్డం మీద పచ్చబొట్టు యాడ పోయింది? చిన్నప్పుడు వాళ్లమ్మ పొడిపించింది. ఈడ మూడు చుక్కలుండాల. కండ్ల కింద గీతలు కూడా లేవు. ఎవురినో తెచ్చి నా ఇంట్లో పెట్టమంటావా?"

ఉద్యోగం పోయినట్టేననుకున్నాను. సారు నా వైపు చూడనైనా చూడలేదు.

"తప్పు నాదప్పా. నేను చూడకుండా వదిలేసినాను. కూర్చో, బస్సు టైముకు ఇస్తాము."

అతని జేబులోని ఫోటో మళ్లీ స్కాన్ చేశాం. అది పూర్తయిందో లేదో, కరెంటు పోయింది. యూపీఎస్ అరవడం మొదలుపెట్టింది. పది నిమిషాలకంటే నిలవదు. నేను కంగారుగా, మసక తగ్గించే స్లైడర్‌ను కుడికి లాగుతుంటే సారు నా చెయ్యి ఆపి, మానిటర్‌ను రైతు వైపు తిప్పారు.

"లెన్సు తప్పు మేము దిద్దుతాము. మొగం దిద్దేదానికి మేమెవురు? యాడ నిలపాలో నువ్వు చెప్పప్పా."

మెల్లగా జరిపాను. రైతు తెరకు మొహం దగ్గరపెట్టి చూస్తున్నాడు. యూపీఎస్ అరుపు ఇంకా త్వరపడింది. నాకు ఏడుపు వస్తోంది.

"ఆడ! ఆడ నిలుపమ్మా. వచ్చింది."

"ఇంకా మసగ్గానే ఉండాది సార్," అన్నాను.

"ఆయప్పకు లేదు కదమ్మా," అన్నారు సారు.

ఆ తర్వాత ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే మరిచిపోయేదాన్నేమో. కృష్ణగిరిలో సొంత స్టూడియో పెట్టుకున్నాక ఇన్నేళ్లలో, మనిషి గురించి చెప్పనివ్వకుండా నేను ఎవరినీ పంపలేదు. అది మీ వల్లే సార్ అని ఆయనతో చెప్పడానికి సిగ్గుపడ్డాను. సిగ్గుపడి ఉండకూడదు.

ఆ పొద్దు ప్రింటు తీయడం ఇంకా నా కళ్లలోనే ఉంది. ఉన్న కాస్త కరెంటూ ప్రింటరుకే అందాలని సారు మానిటర్ ఆపేశారు. చీకటి గదిలో కాగితం కొంచెం కొంచెంగా బయటికి వస్తోంది. నుదురు వచ్చింది. కళ్లు వచ్చాయి. యూపీఎస్ ఇప్పుడు ఆగకుండా అరుస్తోంది. రైతు ముందుకు వంగి కాగితం కింద దోసిలి పట్టాడు. సారు తన రెండు చేతులూ ఆ దోసిలి కింద ఆనించారు. గడ్డం దిగింది, మూడు చుక్కలతో సహా.