వసంతకుమారి ఆంటీ ఊడదీసిన గోడలు

1984 వేసవిలో వసంతకుమారి ఆంటీ ఒక పాత మోటర్‌హోమ్ కొన్నదని తెలియగానే డాలస్ పక్కన అర్వింగ్‌లో ఉన్న తెలుగువాళ్ళందరికీ నోళ్ళు లేచాయి. "బస్సులో కాపురమా?" అని ఒకరు, "సర్కస్ వాళ్ళుంటారు అలాగ" అని ఇంకొకరు. ఆమె భర్త ఆమెను వదిలేసి వేరే రాష్ట్రానికి చెక్కేసినప్పుడు మాత్రం వీళ్ళలో ఒక్కరికీ నోరు పెగల్లేదు.

ఆంటీ గుంటూరులో నర్సింగ్ చదివి డాలస్ వచ్చింది. వచ్చినప్పటి నుంచీ నైట్ డ్యూటీయే. భర్త వదిలి వెళ్ళాక తన అన్న అబ్రహాం అంకుల్ ఇంట్లో ఉంటోంది. ఆమెకు ఇచ్చింది వాషింగ్ మెషిన్ పక్కనున్న ఇరుకు జాగా. పగలు నిద్రపోవలసిన మనిషి. గోడ అవతల బట్టలు గిరగిరా తిరుగుతూ ఉండేవి. హాల్లో ప్రార్థన కూటం వాళ్ళు తబలా వాయిస్తూ ఉండేవారు. "మా చెల్లి మా ఇంట్లో రాణిలా ఉంది" అని అంకుల్ ఊరంతా చెప్పేవాడు. ఆ రాణిగారు పొద్దున్నే డ్యూటీ దిగి వచ్చి, ముందు ఆ ఇంటి గిన్నెలు తోమి, తర్వాత నడుం వాల్చేది. అది చూసిన ప్రతిసారీ నాకు ఒళ్ళు మండేది.

ఆసుపత్రికి దగ్గర్లో ఇలాంటి బండి ఇళ్ళు అద్దెకు నిలుపుకునే ట్రెయిలర్ పార్క్ ఒకటి ఉంది. ఆగస్టు ఆఖరి శనివారంలోగా బండి తెచ్చి నిలబెడితే చోటు ఇస్తామని, లేకపోతే వేరేవాళ్ళకు ఇచ్చేస్తామని వాళ్ళు చెప్పారు. ఆంటీకి కావలసింది అంతే. పగలు తలుపు వేసుకుని పడుకోవడానికి తనదంటూ ఒక చోటు.

నేను అప్పటికి కాలేజీ మానేసి ఉన్నాను. మా నాన్న, అబ్రహాం అంకుల్ స్నేహితులు కాబట్టి నా సంగతి ఆ ఇంట్లో రోజూ చర్చే. ఆంటీ మాత్రం ఒక్కటే అడిగింది.

"మోహన్, సుత్తి పట్టుకోవడం వచ్చా?"

"రాదాంటీ."

"నాకూ రాదులే. రా."

బండిని అంకుల్ ఇంటి ముందే పెట్టాం. లోపలి గోడలకు చెక్క రంగు కాయితం అంటించిన పలచటి ప్లైవుడ్ షీట్లు కొట్టి ఉన్నాయి. కిటికీ కింద నొక్కి చూశాను. వేలు సగం లోపలికి పోయింది. అబ్రహాం అంకుల్ లుంగీ ఎగ్గట్టుకుని వచ్చి చూశాడు.

"దీనికింత హడావుడి ఎందుకురా? పైన కొత్త షీట్ కొట్టేయండి. లోపలేముందో ఎవడు చూడొచ్చాడు?"

"పక్కన పడుకునేది నేను కదన్నయ్యా" అంది ఆంటీ, షీటు సందులో ఇనుప కమ్మీ దూరుస్తూ.

షీటు ఊడి వచ్చింది. లోపల ఎండా చలీ ఆగడానికి కూరిన దూది నానిన రొట్టెలా వేలాడుతోంది. బయటి రేకుకు, లోపలి షీటుకు మధ్య ఉండే సన్నటి చెక్కలు నల్లగా కుళ్ళి, పట్టుకుంటే పొడి రాలుతున్నాయి. కిటికీల అంచుల్లోంచి ఏళ్ళ తరబడి వాన నీళ్ళు కారుతున్నాయన్నమాట. గోడలన్నీ విప్పేశాం. కుళ్ళిన చెక్కలు కోసి కొత్తవి వేశాం. కిటికీలు ఊడదీసి, అంచులకు నీళ్ళు దూరనివ్వని సీలెంట్ పూసి, మళ్ళీ బిగించాం. పెద్ద వాన కురిసిన రోజున ఆంటీ డ్యూటీ నుంచి వచ్చి, యూనిఫాం కూడా మార్చుకోకుండా గోడ పొడవునా అరచెయ్యి ఆనించి చూసుకుంది. పొడిగా ఉంది. అప్పుడు గానీ కొత్త షీట్లు కొట్టనివ్వలేదు. తెల్ల రంగు వేశాం. ఇక నేలా గోడా కలిసే చోట సీలెంట్ నింపి, పైన చెక్క బద్దలు కొట్టడమే మిగిలింది. గడువు రోజు శనివారం పొద్దున బండిలో పాస్టర్ గారి ప్రార్థన, ఆ వెంటనే ప్రయాణం.

శుక్రవారం నేను బద్దలు కొనుక్కుని వచ్చేసరికి బండి మెట్ల మీదుగా నీళ్ళు ధారగా పడుతున్నాయి. ఆంటీ ఇంట్లో నిద్రపోతోంది. బండి లోపల అబ్రహాం అంకుల్ భార్య జ్ఞానమ్మ ఆంటీ చీర బొడ్లో దోపుకుని, తోటకు నీళ్ళు పెట్టే గొట్టంతో నేల కడుగుతోంది. ప్రార్థన కూటం నుంచి రేణు ఆంటీ కూడా వచ్చి చీపురుతో నీళ్ళు నెడుతోంది.

"ఏంటాంటీ ఇది?" అని అరిచాను.

"రా నాన్నా! రేపు పాస్టర్ గారు అడుగు పెట్టే ఇల్లు, కడక్కుండా ఎలా?" అంది జ్ఞానమ్మ ఆంటీ.

"నీళ్ళు ఎటు పోతాయనుకున్నారు?"

"మూల తూముంటుందిగా?"

"బండికి తూమెందుకుంటుంది?"

"మా ఊళ్ళో బస్సులు కూడా కడుగుతారబ్బాయ్" అంది రేణు ఆంటీ.

"బయట కడుగుతారు! బయట!"

జ్ఞానమ్మ ఆంటీ చేతిలో గొట్టం ఇంకా పారుతూనే ఉంది. గచ్చు నేలలు కడిగిన చేతులు. మంచి చేద్దామని వచ్చిన చేతులు. అందుకే ఇంకా మండిపోయాను. నేనే వెళ్ళి పంపు కట్టేశాను. అప్పటికే సీలు చెయ్యని సందుల్లోంచి నీళ్ళు గోడల్లోకి పోయాయి.

శనివారానికి షీట్ల అడుగులు టీలో ముంచిన బిస్కెట్లలా ఉబ్బాయి. రంగు పగిలింది. డ్యూటీ నుంచి వచ్చిన ఆంటీ వంగి, ఉబ్బిన అంచులు వేలితో నొక్కి చూసింది. ప్రార్థనకు పాస్టర్ దైవాశీర్వాదం గారు వచ్చి లోపల కూర్చున్నారు. అబ్రహాం అంకుల్ గొంతు సవరించుకున్నాడు.

"నేను ముందునుంచీ అంటూనే ఉన్నా. దేవుడికిష్టం లేదు వసంతా. అమ్మేయ్ ఈ బండి. నీ గది నీకుంది."

"దేవుడేం చేశాడంకుల్? గొట్టం ఆయన పట్టుకోలేదుగా!"

"చదువు మధ్యలో వదిలేసినోడివి, నువ్వా నాకు చెప్పేది?"

"ఆ గదిలో మీరొక్క పగలు పడుకోండి, చూద్దాం!"

జ్ఞానమ్మ ఆంటీ ఏడుపు మొదలెట్టింది. వసంతకుమారి ఆంటీ ఇవేవీ పట్టించుకోకుండా ఇనుప కమ్మీ తీసుకుంది.

"అయ్యగారూ, కాస్త లేస్తారా? మీ వెనక షీటు తియ్యాలి. మూసి ఉంచితే లోపల కుళ్ళిపోతుంది. విప్పితే ఎండుతుంది."

ఆయన లేచారు. లేవడమే కాదు, ఊడిన షీటు కింద పడకుండా పట్టుకున్నారు కూడా.

"ప్రార్థన కాకుండా ఏంటీ పని?" అన్నాడు అంకుల్.

"మీరు చెయ్యండన్నయ్యా. నేను వింటూనే ఉన్నా."

మేకులు కీచుమంటూ ఊడుతుంటే మధ్య మధ్యలో "ఆమెన్" వినబడింది. ప్రార్థన అయ్యేసరికి చుట్టూ చెక్కలు, వాటి వెనక రేకు తప్ప గోడలే లేవు. ఆంటీ వెళ్ళి స్టీరింగ్ ముందు కూర్చుంది. జ్ఞానమ్మ ఆంటీ కిటికీ దగ్గరికి వచ్చింది.

"వసంతా, కొత్త షీట్లు కొట్టేటప్పుడు నేనొచ్చి పట్టుకుంటానే."

"రా వదినా. గొట్టం మాత్రం తేకు."

అంకుల్ ఇంట్లోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. నేను నా కారులో వెనకాలే వెళ్ళాను. ఆంటీ ఆ బండిని వెనక్కి తోలి తన చోట్లో పెట్టింది. చెట్టుకు కాస్త గీసుకుంది, పోనీ. నీళ్ళ గొట్టం, కరెంటు తగిలించాం. చెక్కల మధ్యలో పరుపు పరుచుకుని, కిటికీలన్నీ తెరిచింది.

"ఇక వెళ్ళు మోహన్. నిద్రొస్తోంది" అని లోపలినుంచి గడియ పెట్టుకుంది.

మిట్టమధ్యాహ్నం. పక్క ట్రెయిలర్‌లో రేడియో హోరెత్తిపోతోంది. వెళ్ళి తలుపు బాది, ఆపించాను.