లేని మొగుడికి సెంటు

మగవాళ్ళ సెంటు నేను జీవితంలో ఒక్కసారే కొన్నాను. అదీ లేని మొగుడి కోసం.

అప్పుడు మాదాపూర్ బండల మధ్య అద్దాల బిల్డింగులు ఒక్కొక్కటే లేస్తున్నాయి. వాటిలో ఒకదాంట్లో నాకు ఉద్యోగం. అమెరికా డాక్టర్లు టేపుల్లో గొణిగిన మాటల్ని హెడ్‌ఫోన్ పెట్టుకుని విని టైపు చేయాలి. అనంతపురం నుంచి వచ్చిన నాలుగో రోజుకే ఉద్యోగం దొరికింది గానీ, నాలుగు వారాలు తిరిగినా గది దొరకలేదు. హఫీజ్‌పేట్‌లో, చందానగర్‌లో ఏ తలుపు కొట్టినా ఒకటే ప్రశ్న, ఫ్యామిలీయేనా అని. ఒక్కదాన్నే అనగానే నన్ను కింది నుంచి పై దాకా చూసి తలుపు వేసేవాళ్ళు. నెలాఖరు లోపల గది దొరక్కపోతే సర్దుకుని వచ్చెయ్యమన్నాడు మా నాన్న. వెళ్ళానంటే మళ్ళీ రానివ్వరని నాకు తెలుసు. ఒళ్ళు మండిపోయింది. ఆ తర్వాత కొట్టిన తలుపు దగ్గర నాకు పెళ్ళయిందని చెప్పేశాను.

ఆ ఇల్లు చందానగర్ బజారు వెనక సందులో ఉంది. ఇంటామె ముసలావిడ, ఒంటరిది. రెండు కళ్ళకూ పొరలు వచ్చి మనిషి ఎదురుగా నిలబడితే మసకగా ఆకారం కనబడేది, అంతే. గేటు పక్కన నులక మంచం వేసుకుని పగలంతా అక్కడే కూర్చునేది. వెనక గది నాకిచ్చింది. మా ఆయనకు షిఫ్టు డ్యూటీ అనీ, ఆమె లేవకముందే వెళ్ళి ఆమె పడుకున్నాక వస్తాడనీ చెప్పాను. ఇంత సులువుగా నమ్ముతారని తెలిసుంటే మొదటి ఇంట్లోనే పెళ్ళి చేసుకునేదాన్ని.

కాపురం నిలబెట్టాలి కదా. పది నంబరు మగ చెప్పులు కొని గుమ్మం ముందు పెట్టాను. నీలం గళ్ళ చొక్కా ఒకటి కొని, ఎవరూ తొడగని ఆ చొక్కాను ప్రతి ఆదివారం ఉతికి తీగ మీద ఆరేసేదాన్ని. సందులో కళ్ళున్న వాళ్ళందరికీ అది సరిపోయింది. బస్టాపు నుంచి వెంటపడి పాటలు పాడే ఇద్దరు మగానుభావులు వారం తిరక్కముందే వదినా అని పక్కకు తప్పుకున్నారు. ముసలావిడ దగ్గర మాత్రం పప్పులు ఉడకలేదు. ఒక ఆదివారం నన్ను మంచం మీద కూర్చోబెట్టుకుని నెమ్మదిగా అడిగింది.

"నిజంగ ఉన్నడా బిడ్డా మీ ఆయన? గదిల మగమనిషి వాసనే లేదు."

ఆ సాయంత్రమే బజారుకు పరుగెత్తాను. ఫారిన్ సెంట్లు అమ్మే ఫ్యాన్సీ షాపు ఒకటి ఉండేది. ఏదో ఒకటి ఇవ్వమంటే షాపతను ఒప్పుకోలేదు. సెంటు మనిషిని బట్టి ఉండాలన్నాడు. సారు పొడుగా పొట్టా, చెమట ఎక్కువ పడుతుందా, ఎండలో తిరుగుతారా ఏసీలో కూర్చుంటారా అని ఒక్కొక్కటే అడిగాడు. నేను తడుముకోకుండా చెప్పుకుపోయాను. పొడుగు, చామనచాయ, చెమట ఎక్కువే, నవ్వడం తక్కువ. చెబుతున్న కొద్దీ ఆ మనిషి నాకు కనబడుతున్నాడు. నాకు తెలిసిన మగవాళ్ళెవరి పోలికా అతనికి లేదు. ఈ ముక్కలన్నీ ఎక్కడి నుంచి వస్తున్నాయో అర్థం కాలేదు. షాపతను కాసేపు కళ్ళు మూసుకుని, ఒక చిన్న సీసా తీసి నా చేతి రుమాలుకు రాశాడు. తడిసిన చెక్క వాసన, దాని అడుగున కొంచెం పొగాకు ఘాటు.

"సారుకిదే. ఇంకోటి పెడితే మనిషి మారిపోతడు," అన్నాడు.

ఆ రోజు నుంచి తెల్లారగానే చొక్కా మీద రెండు చుక్కలు, తలుపు తెర మీద రెండు చుక్కలు. నేను కూడా వేషం బాగా కట్టాను. ఆమె ఇంకా పక్క మీద ఉండగానే, స్నానానికి నీళ్ళు తోడుతూ, ఏమండీ టిఫిను తినకుండానే వెళ్తున్నారా అని ముసలావిడకు వినబడేలా గదమాయించేదాన్ని. ఆమె అటు పక్కలోంచే ముసిముసిగా నవ్వుకునేది. నాకు భలే సరదాగా ఉండేది. ఒకరోజు అలాగే కూర బాగుందా అని అడిగి, గరిటె పట్టుకుని జవాబు కోసం నిలబడిపోయాను. ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. అన్నం మాడిన వాసనకు ఉలిక్కిపడ్డాను. ఆ రోజు మొదటిసారి భయమేసింది.

తర్వాత ముసలావిడ మొదలుపెట్టింది. మీ ఆయనకు దగ్గు పట్టినట్టుంది, మిరియాల కషాయం పెట్టియ్యి అంది ఒకరోజు. ఇంకో రోజు, మంచం పక్క నుంచి పోయాడనీ, వాసన వచ్చిందనీ చెప్పింది. గాలికి తెర ఊగి ఉంటుందిలే అనుకున్నాను. అబద్ధం బాగా అతుకుతున్నందుకు సంతోషించాను కూడా. నా అంత తెలివితక్కువది ఆ సందులో ఇంకొకతి ఉండి ఉండదు.

ఎండాకాలం మొదట్లో ఒకనాడు ఆఫీసులో కరెంటు పోయి మమ్మల్ని నాలుగింటికే పంపేశారు. నేను గేటు తీసేసరికి ముసలావిడ చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. చాలా సంతోషంగా ఉంది.

"మధ్యాహ్నం మీ ఆయన వచ్చిండు. తాళంచెయ్యి మర్చిపొయిండట. నా కాడున్నది ఇచ్చిన."

ఎలా ఉన్నాడని అడిగాను. నాకేం కనబడతది బిడ్డా, వాసనను బట్టే పోల్చుకున్న అంది. అమ్మా అని నోరారా పిలిచాడట. రెండు గంటలు పడుకుని లేచి వెళ్ళాడట.

గదికి తాళం వేసి ఉంది. నా తాళంచెవితో తీశాను. ఏమీ పోలేదు. డబ్బు, నా గొలుసు, అన్నీ పెట్టినచోటే ఉన్నాయి. ఏదైనా పోయి ఉంటే దొంగ అనుకుని ఏడ్చి ఊరుకునేదాన్ని. నీలం గళ్ళ చొక్కా మేకుకే వేలాడుతోంది. దించి చూస్తే కాలరు లోపల తడిగా ఉంది. చంకల దగ్గర చెమట మరకలు. ఆ చెమట వాసన సెంటుతో ఎంత బాగా కలిసిపోయిందంటే, షాపతను సరిగ్గా ఈ మనిషికే ఇచ్చాడనిపించింది.

బయటికి వచ్చి ముసలావిడ ముందు కూర్చుని నిజం చెప్పేశాను. గది పోతే పోయింది అనుకున్నాను.

"అవ్వా, నాకు పెళ్ళి కాలేదు. మొగుడు లేడు. గది కోసం అబద్ధం చెప్పినా."

ఆమె పకపకా నవ్వింది. నా తల నిమిరింది.

"కొట్లాడుకున్నరా? మొగనితోని పంచాయితీ అయితే గిట్లనే అంటరు బిడ్డా. జర ఓపిక పట్టు. రేపు గూడ వస్తనన్నడు."

తాళంచెవి ఏదని అడిగాను. తన దగ్గరే ఉంచుకుంటానని అతనంటే ఇచ్చేశానంది. ఒట్టు వేశాను, ఏడ్చాను. నేను ఏడ్చిన కొద్దీ గొడవ పెద్దదే జరిగిందని ఆమెకు నమ్మకం కుదిరింది. పోలీసులకు చెబుదామంటే ఏమని చెప్పాలి? లేని మొగుడు ఇంటికి వచ్చాడనా? షాపతనా, పాటలు పాడిన వాళ్ళా, తీగ మీద చొక్కా వాసన చూసిన ఎవరైనానా అని దారిన పోయే ప్రతి మగవాడినీ తలచుకున్నాను. ఇప్పటికీ తెలియదు. బట్టల పెట్టె పట్టుకుని ఆ సాయంత్రమే గోపన్‌పల్లిలో నాతో పనిచేసే అమ్మాయి ఇంటికి వెళ్ళిపోయాను.

నెల తర్వాత, వంటగిన్నెలు తెచ్చుకుందామని పట్టపగలు ఆ అమ్మాయిని తోడు తీసుకుని వెళ్ళాను. గది ఖాళీగా ఉంటుందనుకున్నాను. గేటు దగ్గర నా గొంతు వినగానే ముసలావిడ ముఖం వెలిగిపోయింది. నేను వెళ్ళిన మర్నాటి నుంచీ అతను ఆ గదిలోనే ఉంటున్నాడట. కిరాయి నెల మొదట్లోనే ఇచ్చేశాడట. ఇల్లాలు అలిగి పుట్టింటికి పోయిందని సందులో అందరూ అతని మీద జాలి పడుతున్నారట.

ఒంటరి మగవాడికి మాత్రం గది ఎలా ఇచ్చావని అడిగాను.

"ఒంటరోడు ఎట్లయితడు బిడ్డా? నువ్వున్నవు గద," అంది.

గది తలుపు ఓరగా తీసి ఉంది. లోపలి నుంచి ఒక మగ గొంతు, చాలా మర్యాదగా, "వచ్చిందా అమ్మా?" అని అడిగింది.

మా ఇద్దరిలో ముందు ఎవరు పరుగెత్తామో గుర్తులేదు. గిన్నెలు అక్కడే ఉండిపోయాయి.