అయిదో పాట నుంచి

నేను రిటైరవడానికి రెండేళ్ల ముందు, సెప్టెంబరు రెండో సోమవారం, ఢిల్లీ సాకేత్‌లోని మా స్టూడియోలో నా బల్ల మీదికి ఒక వర్క్ ఆర్డర్ వచ్చింది. ఎలక్ట్రానిక్ పాప్ జంట, తొలి ఆల్బమ్, పది పాటలు, శుక్రవారానికి డెలివరీ. అప్పటికి నేను అక్కడ సీనియర్ మాస్టరింగ్ ఇంజినీరుని. అంతకుముందు చాలా ఏళ్లు ప్రభుత్వ రేడియోలో పనిచేసి, స్వచ్ఛంద విరమణ తీసుకుని ఈ ప్రైవేటు కొలువులో చేరాను.

మాస్టరింగ్ అంటే ఏమిటని మా బంధువులు ఇప్పటికీ అడుగుతుంటారు. పాట కట్టడం, పాడడం, రికార్డు చేయడం, వాయిద్యాల పాళ్లు కలపడం అన్నీ అయిపోయాక ఆఖరున జరిగే పని అది. పది పాటలూ ఒకే ఆల్బమ్‌లో ఇమడాలి. ఒకటి అరుపులా, ఇంకొకటి గొణుగుడులా ఉండకూడదు. కారులో విన్నా, ఫోన్లో విన్నా పాట నిలబడాలి. ఆ బాధ్యత మాది. పాట బాగుందో లేదో చెప్పడం మా పని కాదు గానీ, రోజంతా చెవులతోనే బతికేవాడు ఆ మాట అనకుండా ఎన్నాళ్లుంటాడు?

ఆ జంట పేరు ఇక్కడ రాయను. పాటలు రాసి పాడేది స్వాతి. ఢిల్లీ ద్వారకలో పెరిగిన తెలుగమ్మాయి, తండ్రి కేంద్ర ప్రభుత్వంలో సెక్షన్ ఆఫీసరు. సింథసైజర్లు, బీట్లు చూసుకునేది ఇషాన్. ఘాజియాబాద్‌లో అతని ఇంటి మేడ మీది గదిలోనే రెండేళ్లు కూర్చుని ఈ పది పాటలూ చేశారు. ఈ సంగతులన్నీ నాకు తర్వాత తెలిశాయి. వర్క్ ఆర్డర్ మీద ఉండేది మ్యూజిక్ కంపెనీ మేనేజరు పేరొక్కటే. కంపెనీ మనిషి లేకుండా కళాకారులతో మేం నేరుగా మాట్లాడకూడదని మా స్టూడియో నియమం.

మా వృత్తిలో ఒక ఆనవాయితీ ఉంది. ఏ మీటా ముట్టుకోకుండా ఆల్బమ్ మొత్తం మొదటి నుంచి చివరి దాకా ఒక్కసారి వింటాం. చేతిలో పెన్సిలు, ముందు ఒక కాగితం. దాన్ని ఫస్ట్ షీట్ అంటాం. రెండోసారికి చెవి అలవాటు పడిపోతుంది కాబట్టి మొదటిసారి తోచిందే రాయాలి. దానికి ముందు చేయాల్సిన పని ఇంకొకటుంది. ప్రతి ఫైలునూ స్పెక్ట్రం మీద చూడాలి. ధ్వనిలో కింది స్థాయి నుంచి పై స్థాయి దాకా ఏమేం ఉన్నాయో తెర మీద చూపించే సాధనం అది. యాభై ఎనిమిదేళ్ల చెవికి పై స్థాయిలు సరిగా అందవు. అందుకే యంత్రాన్ని అడగాలి.

ఆ సోమవారం నేను అడగలేదు. తొందరగా వినాలనిపించింది, విన్నాను.

మొదటి నాలుగు పాటలూ నన్ను కుర్చీలోంచి కదలనివ్వలేదు. ఆ అమ్మాయి గొంతు చెవి పక్కనే ఊపిరి తీసినట్టుంది. బీట్ కింద సన్నని లోహపు మోత ఒకటి వచ్చి పోతోంది. ఢిల్లీలో ఇలాంటి పని చేసేవాళ్లున్నారా అనుకున్నాను. అయిదో పాట మొదలవగానే ముఖం మీద తడిగుడ్డ వేసినట్టయింది. గొంతు మసకగా ఉంది, తాళాలు చెదిరిపోయి నీళ్లలోంచి వినిపిస్తున్నాయి. ఆరు, ఏడు, చివరికి పది దాకా అదే వరస. నాకు ఒళ్లు మండిపోయింది. ఇంత చేతనైనవాళ్లు సగంలో చేతులు దులుపుకుంటారా? పెన్సిలు గట్టిగా నొక్కి మరీ రాశాను: "అయిదో పాట నుంచి శ్రద్ధ లోపించింది. కళాకారులు నాలుగు పాటలకు ప్రాణం పెట్టి, మిగతావి లెక్కకు నింపారు." ఆ కాగితం మా యజమానికి వెళ్లింది. ఆయన దాన్ని అదే రోజు కంపెనీకి పంపించారు.

మంగళ, బుధవారాలు ఆ ఆరు పాటలతో కుస్తీ పట్టాను. పై స్థాయిలు పెంచితే గొంతు తేటపడాలి. ఇక్కడ ఎంత పెంచినా పెనం మీద నూనె చిటపట తప్ప ఏమీ రాలేదు. అప్పుడైనా అనుమానం రావాలి. తప్పు వాళ్లదేనని తేల్చేసుకున్నవాడికి అనుమానం ఎక్కడి నుంచి వస్తుంది?

గురువారం ఉదయం మేనేజరు స్వాతిని వెంటబెట్టుకుని వచ్చాడు, చివరిసారి విని సరే అనిపించుకోవడానికి. గేటు పుస్తకంలో ఇంటిపేరు చూసి నేను తెలుగులో పలకరించాను. మంచి మాట ఒక్కటీ అనకుండానే, సగం ఆల్బమ్ ఎందుకిలా వదిలేశారమ్మా అని నిలదీశాను. ఆ అమ్మాయి అర్థం కానట్టు చూసింది. ఆరో పాట పెట్టాను. పది సెకన్లు విన్నదో లేదో చెయ్యెత్తి ఆపమంది.

"అంకుల్, ఇది మా పాటే. కానీ మేం ఇచ్చింది ఇది కాదు. ఇందులో నా గొంతు వెనకాల గాలి ఉండాలి, ఇషాన్ దానికోసం నెలంతా కూర్చున్నాడు. సచ్చీ, నిజంగా చెప్తున్నా, మీరు ఇంకోసారి చూడండి."

సోమవారం తెరవాల్సిన స్పెక్ట్రం అప్పుడు తెరిచాను. మొదటి నాలుగు పాటల్లో గీతలు తెర పైఅంచు దాకా ఉన్నాయి. మిగతా ఆరింటిలోనూ పదహారు వేల హెర్ట్జ్ దగ్గర కత్తిరించినట్టు ఆగిపోయాయి. మా వృత్తిలో ఎవరైనా చూడగానే గుర్తుపట్టే గుర్తు అది. అవి అసలు ఫైళ్లు కావు. ఫోన్లో విని చూడమని పంపే, నొక్కి నొక్కి చిన్నవి చేసిన కాపీలు. స్టూడియో పెద్ద ఫైళ్లే తీసుకుంటుంది కాబట్టి ఎవరో వాటిని పెద్ద ఫైళ్లుగా మార్చి, అవే పేర్లు పెట్టి పంపారు. అలా మార్చినా పోయింది తిరిగి రాదు.

మేనేజరు పెద్దగా తడబడలేదు. నాలుగు పాటలు ఒప్పందం రోజునే డ్రైవులో అందాయట. మిగతా ఆరూ ఆ జంట నెట్‌లోని ఫోల్డరులో పెట్టారు, పెద్దవీ చిన్నవీ పక్కపక్కనే. పెద్దవి దిగడానికి ఆలస్యమవుతుందని కంపెనీ ఆఫీసులో చిన్నవి దింపుకున్నారు. అంతే. రెండేళ్ల పని మీద వాళ్లు పెట్టిన శ్రద్ధ అది. నేనేమో శ్రద్ధ లేదని పాట చేసినవాళ్ల మీద రాశాను.

స్వాతి అప్పటికే ఇషాన్‌కి ఫోన్ చేసింది. మధ్యాహ్నం లోపు అతను ఘాజియాబాద్ నుంచి మెట్రోలో డ్రైవు పట్టుకుని వచ్చేశాడు. అసలు ఫైళ్లు పెట్టి ఆరో పాట విన్నాం. గాలి ఉంది. మొదటి నాలుగింటి కన్నా గొప్ప పాట అది. శనివారం కూడా వస్తాను, ఆరూ మళ్లీ చేసి ఇస్తాను అన్నాను.

మేనేజరు ఒప్పుకోలేదు. ఫైళ్లు మారితే ముంబయి ఆఫీసు నుంచి మళ్లీ అనుమతి తెచ్చుకోవాలి, ఎందుకు మారాయో రాతపూర్వకంగా చెప్పాలి, విడుదల తేదీకి ఒక ఫోన్ల కంపెనీ ప్రకటన ముడిపడి ఉంది. "సర్, ఇయర్‌ఫోన్లో వినేవాళ్లకి క్యా ఫరక్ పడ్తా హై," అన్నాడు, తేడా ఏముంటుందన్నట్టు. ఇషాన్ ఏదో అనబోతే స్వాతి వద్దని చేయి పట్టుకుంది. మా యజమానిని పిలిపించాను. వర్క్ ఆర్డర్లో ఉన్న ఫైళ్లే మన ఫైళ్లు, ఆర్డర్ ఇచ్చినవాడే మన క్లయింటు అని ఆయన తేల్చారు. సరైన పాటలు బల్ల మీద ఉండగా పాడైన పాటలు పంపడానికి ముగ్గురు పెద్దమనుషులు నా గదిలో కూర్చున్నారు. వాళ్లలో మూడోవాణ్ని నేనే.

ఫైలు బయటికి వెళ్లాలంటే డెలివరీ షీట్ మీద ఇంజినీరు సంతకం ఉండాలి. శుక్రవారం నేను సంతకం పెట్టలేదు. "పదింటిలో ఆరు అసలు ఫైళ్ల నుంచి చేసినవి కావు. అసలువి స్టూడియోలో ఉన్నాయి. విడుదలకు పనికిరావు," అని రాసి తేదీ వేశాను. యజమాని మరో షీట్ తీసి తానే సంతకం చేశారు. ఆల్బమ్ అనుకున్న రోజున విడుదలైంది.

సమీక్షలు అన్నీ ఒకే పాట పాడాయి. మొదటి సగం అద్భుతం, రెండో సగం నిర్లక్ష్యం. ఈ జంటకు ఓపిక లేదని ఒకాయన తీర్పిచ్చాడు. ఆయన్ని తిట్టే హక్కు నాకు లేదు. ఆయన విన్నదే నేనూ విన్నాను, ఆయన రాసిందే నేనూ రాశాను.

రెండు నెలల తర్వాత స్వాతి నుంచి ఫోన్ వచ్చింది. రెండో ఆల్బమ్ ఒప్పందం కంపెనీ రద్దు చేసుకుందట. ఉత్తరం చదివి వినిపిస్తానంది. "మాస్టరింగ్ ఇంజినీరు నివేదిక ప్రకారం, అయిదో పాట నుంచి శ్రద్ధ లోపించింది..." తర్వాతి వాక్యం నాకు కంఠతా వచ్చు.

"అంకుల్, ఇది మీరే రాశారా?" అని అడిగింది.

రాశానమ్మా అన్నాను. డెలివరీ రోజున, శుక్రవారం, ఏం రాశానో కూడా చెప్పాను. ఆ శుక్రవారం కాగితం ఇస్తారా అని మాత్రం స్వాతి అడిగింది. స్టూడియో కాగితం క్లయింటు ఆస్తి, బయటికి ఇవ్వకూడదు. ఫైలు తీసి చూస్తే ఫస్ట్ షీట్ మీద కంపెనీకి పంపినట్టు ముద్ర ఉంది. శుక్రవారం షీట్ మీద ఏ ముద్రా లేదు. అది మా గది దాటనేలేదు. దాన్ని జిరాక్స్ తీయించి, ద్వారకలో వాళ్లింటికి వెళ్లి ఆమె చేతికిచ్చాను. యజమానికి నేనే చెప్పాను. ఆయన నాతో కొన్ని వారాలు మాట్లాడలేదు.

ఆ కాగితం చూపించాక కంపెనీ ఆరు పాటల హక్కులు మాత్రం తిరిగి ఇచ్చింది. తప్పు జరిగిందని ఎక్కడా రాయలేదు. అసలు ఫైళ్లతో ఆ జంట వాటిని మళ్లీ విడుదల చేసుకున్నారు. అప్పటికి వాళ్ల పేరు మీద పడాల్సిన ముద్ర పడిపోయింది. కొత్తగా విన్నవాళ్లు తక్కువే.

నా కోపం ఇప్పటికీ చల్లారలేదు. అందులో మేనేజరుకి సగం, మా యజమానికి కొంత. మిగిలింది నాది, అది తక్కువేమీ కాదు. కొలువులో ఉన్న చివరి రెండేళ్లూ ఫస్ట్ షీట్ నమూనా నేనే మార్చి వాడాను. అభిప్రాయం గడి అన్నిటికన్నా కిందికి దించాను. దాని పైన రెండు గడులు చేర్చాను: ఈ ఫైలు ఎవరి చేతి నుంచి వచ్చింది, పాట చేసినవాళ్లు దీన్ని విన్నారా. ఆ రెండూ నిండేదాకా పెన్సిలు పట్టుకోలేదు.