గురవమ్మ ఉంటే కాకి రాదు

మా ఊళ్లో ఎండుచేపల పని చేసేవాళ్లంతా కాకుల్ని తిట్టుకుంటారు, గురవమ్మ తప్ప. ఆమెకు ఆ అవసరం లేదు. ఆమె కూర్చున్న కళ్లం మీద కాకి వాలదు. వడ్లకు కళ్లం ఉన్నట్టే మా సముద్రపు ఒడ్డున చేపలకూ కళ్లం ఉంటుంది. ఇసుక చదును చేసి, పాత వలలు పరిచి, వాటి మీద నెత్తళ్లో కవళ్లో, అలాంటి చిన్న చేపలు పోసి ఎండబెడతారు. పక్క కళ్లాల్లో ఆడవాళ్లు కర్రలు పట్టుకుని, డబ్బాలు వాయించి, గొంతులు పోయేట్టు అరుస్తుంటారు. ఈమె మాత్రం తన కళ్లం మధ్యలో పీట వేసుకుని వక్కాకు నములుతూ కూర్చుంటుంది. కాకులు దూరంగా సరుగుడు చెట్ల మీద చేరి ఆమెను చూసి గోలగోల చేస్తాయి. కిందికి మాత్రం రావు.

నెల్లూరు నుంచి వచ్చే వ్యాపారులు ఇది చూసి నోళ్లు తెరుస్తారు. "ఏం మంత్రం వేసినావమ్మా?" అని అడుగుతారు. ఆమె నవ్వదు, చెప్పదు. చెప్పడానికి నేనున్నాను. ఆమె బుట్టలు నెల్లూరికి చేరవేసేది నా ఆటోనే. పైగా మేమిద్దరం ఒకే బడి, ఒకే తరగతి. అది మంత్రం కాదని నాకు బాగా తెలుసు.

మా చిన్నతనంలో చేతిఖర్చుకు డబ్బులిచ్చే అమ్మానాన్నలు మా ఊళ్లో దాదాపు ఎవరికీ లేరు. కావాలంటే సంపాదించుకోవాల్సిందే. నేను ఐసుగడ్డలు మోసేవాణ్ని. కొందరు ఒడ్డుకు లాగిన పడవల అడుగున పట్టిన గుల్లలు గీకేవాళ్లు. ఇంకొందరు వల దులిపేటప్పుడు కింద పడిన చేపలు ఏరుకునేవాళ్లు, చేపలతో పాటు తన్నులు కూడా తినేవాళ్లు. వచ్చినదానితో సేమియా ఐసు కొనుక్కుని ఆ పూటకు రాజులమైపోయేవాళ్లం. గురవమ్మ ఈ పనుల్లోకి రావలసిన పిల్ల కాదు. వాళ్ల నాయన పోలేరయ్య సముద్రం మీద వేటకు పోతే ఉత్త చేతులతో తిరిగి రాడని పేరు. కూతురు అడగకముందే చేతిలో రూపాయి పెట్టేవాడు. మేం చూసి కుళ్లుకునేవాళ్లం. మేం నాలుగో తరగతిలో ఉండగా ఏరు సముద్రంలో కలిసే మొగలో పడవ తిరగబడి పోలేరయ్య పోయాడు. శవం కూడా దొరకలేదు.

పెద్దకర్మ నాడు ఒడ్డున ఆకు వేసి, అన్నం, చేపల పులుసు, గారెలు పెట్టి అందరం దూరంగా నిలబడ్డాం. ఆకాశం నిండా కాకులే, ఒక్కటీ దిగదు. కాకి ముట్టలేదంటే పోయినవాడికి ఏదో కోరిక మిగిలిపోయిందని అర్థం. అప్పుడు బతికున్నవాళ్లు గట్టిగా మాట ఇవ్వాలి. భార్య చిట్టెమ్మ పిల్లల్ని సాకుతానని మాట ఇచ్చింది. కాకి రాలేదు. తోటి వేటగాళ్లు వలలో వాటా కొడుక్కి ఇస్తామన్నారు. దానికీ రాలేదు. ఎండ ముదిరింది, వచ్చినవాళ్లకు ఆకలి మొదలైంది, పోయినవాడి మీద విసుగూ మొదలైంది.

అప్పుడు మస్తానమ్మ ముందుకొచ్చింది. ఊళ్లో అన్నిటికన్నా పెద్ద కళ్లం ఆమెది. ఎంగిలి చేత్తో కాకిని తోలదని పేరుపడ్డ మనిషి. చేతులు జోడించి, "పోలేరయ్యా, నీ కూతుర్ని నా బిడ్డ మాదిరి చూసుకుంటా. వచ్చి తిను నాయనా" అంది. ఆ మాట అయిందో లేదో ఒక కాకి దిగింది. దానికి ఒక కాలు వంకర. కుంటుకుంటూ వచ్చి గారె ముక్క అందుకుంది.

పోలేరయ్యకు కాళ్లు బాగానే ఉండేవి. అయినా చిట్టెమ్మ గుండె బాదుకుంది. "అయ్యో, మొగలో కాలికి దెబ్బ తగిలుండాదే నీకు" అని ఏడ్చింది. గురవమ్మ ఏడవలేదు. కళ్లార్పకుండా ఆ కాకినే చూస్తూ నిలబడింది.

మస్తానమ్మ ఇచ్చిన మాట నిలబెట్టుకుంది, అది కాదనడానికి లేదు. ఆ వారంలోనే గురవమ్మను తన కళ్లంలో కాకులు తోలే పనికి పెట్టుకుంది. తన సొంత బిడ్డ నెల్లూరు హాస్టల్లో ఇంగ్లీషు చదువు చదువుతుండేది. ఈ బిడ్డకు బడికి ముందొక పూట, బడి వదిలాక ఒక పూట, ఆదివారమైతే పొద్దంతా ఎండలో కర్ర పట్టుకుని తిరగడం. కూలి, సాయంత్రం దోసెడు ఎండు నెత్తళ్లు. ఆ దోసిలి కూడా మస్తానమ్మ దోసిలి కాదు, పిల్ల దోసిలి. "నీ చేత్తోనే తీసుకో, నేనెందుకు మోసం చెయ్యాల?" అనేది.

గురవమ్మ ఆ చేపల్ని బస్సు ఆగే చోట అమ్మేది. ఐసు కొనేది కాదు. ఒకరోజు బడిలో నాతో, "మా నాయన మొకం మర్సిపోతాండా రా. మీసం గ్యాపకం ఉండాది, కండ్లు గ్యాపకం రాల్యా" అంది. పోలేరయ్యకు ఉన్నది ఒక్కటే ఫోటో. ఎవరిదో పెళ్లిలో నలుగురితో కలిసి దిగింది, గోరంత మొహం. దాన్ని కోవూరు ఫోటో స్టూడియోలో పెద్దది చేయించి, పటం కట్టించాలని ఆ పిల్ల పట్టుదల. ఆ పటం కోసమే ఎండలో నల్లగా మాడింది.

అంతా బాగానే జరిగేది, కుంటి కాకి రాకపోతే. అది కళ్లానికి రావడం మొదలుపెట్టింది. మిగతా కాకుల్ని కర్ర విసిరి తోలే పిల్ల దాన్ని మాత్రం తోలలేదు. నాయన్ని ఎవరు తోలతారు? దగ్గరికి పిలిచి నెత్తళ్లు పెట్టేది. బడిలో జరిగినవన్నీ దానికి చెప్పేది. ఎవరు కొట్టారు, అమ్మ ఏం వండింది, తమ్ముడు పెంచల్‌కు ఎన్ని పళ్లు ఊడాయి, అన్నీ. నెల తిరిగేసరికి అది ఒళ్లోకి వచ్చి చేతిలోంచి తినేంత చనువైంది. ఒక కాకిని చేరదీస్తే ఊరి కాకులన్నీ చుట్టాలే కదా, దాని వెంట మిగతావీ దిగాయి. మస్తానమ్మ చేపలు తరిగాయి. సాయంత్రం దోసెడు కాస్తా పిడికెడైంది, పిడికెడు కాస్తా 'రేపు చూస్తాంలే' అయింది. నాయనకు తిండి పెట్టిన కొద్దీ నాయన పటం దూరం జరిగింది.

కాకుల బెడదకు మా తీరంలో ఒక మందుంది. ఒక కాకిని పట్టి గుంజకు వేలాడదీస్తే మిగతావి ఆ చాయలకు రావు. కానీ కాకిని పట్టడం ఎవరి తరం? మస్తానమ్మ కన్ను కుంటిదాని మీద పడింది.

"అది నీ వొళ్లోకి వస్తా ఉండాది గదా. పట్టియ్యి మే" అంది.

"అది మా నాయన అత్తా" అంది గురవమ్మ.

మస్తానమ్మ పకపకా నవ్వింది. "నాయనైతే కర్మ నాడు తిని పోతాడు గానీ, రోజూ దొంగతనానికి వస్తాడా మే? పట్టియ్యి. నీ పటం కర్సంతా నేనే పెట్టుకుంటా. ల్యాకుంటే రేపట్నించి రావొద్దు, ఇంకో పిల్లని చూసుకుంటా."

గురవమ్మ అమ్మ దగ్గరికి పరిగెత్తింది. చిట్టెమ్మ అదే కళ్లంలో చేపల పొట్టలు చీరుతోంది. మొగుడు పోయినప్పటి నుంచి ఆమెకూ మస్తానమ్మ దయే కూడు. కత్తి ఆపకుండానే, "పట్టియ్యి. బతికుండంగా పొద్దుగూకితే ఇంటికి రమ్మంటే వచ్చినాడా? సచ్చినాక దినామూ వస్తాడంట" అంది. ఆ మాట అన్నాక చాలాసేపు కొంగుతో ముక్కు తుడుచుకుంది. కానీ మాట మార్చలేదు.

మర్నాడు ఆదివారం. గురవమ్మ కళ్లంలో కూర్చుని ఒళ్లో నెత్తళ్లు పోసుకుంది. కాకి వచ్చింది. ఎప్పటిలా ఒళ్లోకెక్కి తింటుంటే పాత వలముక్క దాని మీద కప్పి రెండు చేతులతో అదిమి పట్టింది. అది పొడిచిన మచ్చ ఇప్పటికీ ఆమె బొటనవేలి పక్కన ఉంది.

ఆ పిల్ల అనుకున్నది మెడ తిప్పేస్తారని, ఒక్క క్షణంలో అయిపోతుందని. మస్తానమ్మ దాని వంకర కాలికే తాడు కట్టి, ప్రాణంతోనే తలకిందులుగా గుంజకు వేలాడదీసింది. "చంపి కడితే ఒక పూట బయం. బతికుండంగా కడితే ఊరూరి కాకులూ వచ్చి చూసుకోని పోతాయి" అంది. ఆ విద్యలో ఆమెకు తిరుగులేదు. నిజంగానే ఎక్కడెక్కడి కాకులూ వచ్చాయి. ఎండ నడినెత్తికి వచ్చేదాకా అది అరుస్తూనే ఉంది, అవి పైన తిరుగుతూనే ఉన్నాయి. పని మధ్యలో కళ్లం వదలకూడదు గనుక గురవమ్మ ఆ గుంజ కిందే కూర్చుంది. మేం పిల్లలం చుట్టూ చేరి చోద్యం చూశాం. కాకులు గుంజకేసి చూడలేదు. ఆ పిల్లకేసి చూశాయి. ఎవరి ఒళ్లో అది పట్టుబడిందో అవి కళ్లారా చూసినవే.

మస్తానమ్మ మళ్లీ మాట నిలబెట్టుకుంది. గురవమ్మను బస్సెక్కించి స్వయంగా కోవూరు తీసుకుపోయింది. స్టూడియో ఆయన ఆ గోరంత మొహాన్ని కంప్యూటర్లో పెద్దది చేశాడు. మసక మసగ్గా వస్తే తన చేతివాటం చూపించాడు. పోలేరయ్యను తెల్లగా చేశాడు, పాపిడి తీశాడు, కోటు తొడిగి టై కట్టాడు, వెనకాల గులాబీ తోట పెట్టాడు. పుట్టి బుద్ధెరిగి చొక్కా గుండీ పెట్టుకోని మనిషికి కోటు! కొత్త పటం ఇంటికి రాగానే చిట్టెమ్మ చూసి, "ఎవురుమే ఈయన, తాసిల్దారా?" అంది.

అయినా పారేయలేదు. ఖర్చు పెట్టింది మస్తానమ్మ కదా, పారేస్తే ఊరుకుంటుందా? ఇప్పటికీ ఆ ఇంటి గోడ మీద ఆ కోటాయనే ఉన్నాడు, దండ కూడా ఆయనకే. నాయన ఎలా ఉండేవాడని గురవమ్మను అడిగితే ఇప్పుడు ఆ మొహమే చెబుతుంది. మీసం కూడా మర్చిపోయింది.

ఆ తర్వాతే కాకుల సంగతి బయటపడింది. బడికి పోయే దారిలో అవి ఆ పిల్లను గుర్తుపట్టి నెత్తిన పొడిచేవి. పలక నెత్తిన పెట్టుకుని పరిగెత్తేది. మేం వెనక నుంచి "కావ్ కావ్" అని అరిచేవాళ్లం. పిల్లల కన్నా కాకులే నయం, అవి కారణం ఉండి పొడిచాయి. కొన్నాళ్లకు ఆమె బడి మానేసింది. పొడవడం తగ్గింది గానీ, ఆమె కనపడితే గోల పెట్టి దూరంగా తొలగిపోవడం మాత్రం పోలేదు. తమ పిల్లలకు కూడా నేర్పాయో ఏమో, కొత్త కాకులకూ ఆమె తెలుసు. మస్తానమ్మకు మాత్రం పండగైంది. "కర్ర కూడా అక్కర్లా, ఊరికే కూసుంటే చాలు" అని ఊరంతా చెప్పుకుంది. దాంతో మిగతా కళ్లాలవాళ్లు గురవమ్మ కోసం పోటీలు పడ్డారు. అలా పెరిగింది, అలా సంపాదించింది, చివరికి సొంత కళ్లం పెట్టింది. కూటి కోసం కోటి విద్యలంటారు. ఆమెకు అబ్బిన విద్య ఇది.

పోలేరయ్య ఏడాది తద్దినానికి ఆకు వేస్తే కాకి రాలేదు. చిట్టెమ్మ కాసేపు చూసి, ఆకు తీసుకుపోయి సముద్రంలో వదిలేసింది. ఎందుకు రాలేదని కూతుర్ని అడగలేదు.

మొన్న ఎండాకాలంలో చిట్టెమ్మ పోయింది. ఆమెను చివరిదాకా చూసుకున్నది గురవమ్మే. మందులు, మంచం, మలమూత్రాలు అన్నీ. కర్మకు వంటంతా తనే వండింది. అమ్మకు ఇష్టమని మామిడికాయ వేసి నెత్తళ్ల పులుసు పెట్టింది. పెంచల్ ఒడ్డున ఆకు వేశాడు. "అమ్మ కాకిని నేను చూడాల రా. ఒక్కసారి చూస్తే చాలు" అని గురవమ్మ ముందు రోజే నాతో అంది. అందుకే అందరికన్నా ముందు నిలబడింది.

కాకులు సరుగుడు చెట్ల మీదే ఉండిపోయాయి. పెంచల్ మాట ఇచ్చాడు, మనవలు మాట ఇచ్చారు. గురవమ్మ, "అమ్మా, తమ్ముణ్ణి నేను చూసుకుంటా, దా" అని గొంతు చించుకుంది. ఆమె గొంతు వినగానే చెట్ల మీద గోల ఇంకా పెరిగింది. ఎండ ముదిరింది. వచ్చినవాళ్లకు ఆకలి మొదలైంది.

మస్తానమ్మకు ఇప్పుడు నడుం వంగింది, నాలుక వంగలేదు. కర్ర ఊపుతూ, "అది నిలబడుంటే కాకి యాడ వస్తాది రా? దాన్ని అవతలికి పంపించండి" అంది. ఎవరూ కాదనలేదు. పెంచల్ అక్క మొహం చూడకుండా, "కాసేపు అట్ట పో అక్కా" అన్నాడు.

గురవమ్మ పోయింది. ఒడ్డుకు లాగిన పడవ చాటున కూర్చుంది. అక్కడికీ కాకుల చూపు అందుతుందని ఎవరో అరిస్తే, పక్కనున్న ఖాళీ చేపల బుట్ట తీసి నెత్తిన బోర్లించుకుంది. అప్పుడు దిగాయి. ఒకటి కాదు, గుంపుగా దిగి ఆకు ఖాళీ చేసి పోయాయి. ఆడవాళ్లు ఏడ్చి, కళ్లు తుడుచుకుని, హమ్మయ్య అనుకుని లేచారు. బుట్ట తీసేయమని ఆమెకు చెప్పాలని ఎవరికీ గుర్తు రాలేదు. నేనే పోయి తీశాను. లోపల చెమటకు జుట్టంతా మొహానికి అతుక్కుపోయి ఉంది.

లేచి వచ్చి తమ్ముణ్ణి అడిగింది. "యా కాకి ముందు వచ్చింది రా? ఎట్ట ఉండింది?"

"కాకి మాదిరే ఉండింది అక్కా" అన్నాడు పెంచల్.

గురవమ్మ వంగి ఖాళీ ఆకు ఎత్తింది. తర్వాత మస్తానమ్మ వైపు తిరిగి, "అత్తా, రేపు నేను సచ్చినా ఇంతేనా? నా కూటికి కాకి రాదా?" అంది.

మస్తానమ్మ కర్ర మీద గడ్డం ఆనించి, ఓదార్చే గొంతుతోనే అంది. "ఎందుకు రాదుమే? అప్పుడు నువ్వు ఉండవు గదా. నిమ్మళంగా వస్తాయి."