పై ప్లగ్గు విప్పకముందే

పెళ్ళికి సరిగ్గా రెండు రోజుల ముందు, కాబోయే మామగారి ప్రాణం లాంటి కారును పట్టపగలు నా రెండు చేతులతో చెడగొట్టిన ఘనుణ్ణి నేను. ఇందులో ఎవరి ప్రోద్బలమూ లేదు. చెయ్యమని ఎవరూ అనలేదు, పైగా చెయ్యొద్దన్నారు. అయినా చేశాను. అప్పుడు నాకు ఇరవై ఏడేళ్ళు. ఆ వయసులో మనిషికి బుర్ర ఉంటుంది గానీ దాన్ని వాడాలన్న తొందర ఉండదు.

మామగారి పేరు దేవదానం. నాచారంలో ఒక ఫ్యాక్టరీలో, పనిముట్లు తయారుచేసే టూల్‌రూమ్‌లో ముప్ఫై ఏళ్ళు పనిచేసి ఫోర్‌మన్‌గా రిటైరయ్యారు. ఆ రోజున యజమాని, తాను నడపడం మానేసిన ఎర్ర స్పోర్ట్స్ కారు తాళాలు ఆయన చేతిలో పెట్టాడు. రెండే తలుపులు, రెండే సీట్లు. ఎక్కితే నేల మీద చతికిలబడ్డట్టే ఉంటుంది. వయసులో నాకంటే ఓ రెండేళ్ళు చిన్నది. మామగారు దాన్ని కడిగినంత శ్రద్ధగా మా ఇంట్లో ఎవరమూ స్నానం కూడా చెయ్యం.

ఆయనకు ఒకటే కోరిక. ఒక్కగానొక్క కూతురు సుజాతను పెళ్ళిరోజున ఆ కార్లో తానే నడుపుకుంటూ ఉప్పల్‌లోని చర్చికి తీసుకురావాలి. చుట్టాలందరికీ చాటేశారు. ఏసీ కారు మాట్లాడదామని అత్తమ్మ నోరుజారితే ఆమెతో రెండు రోజులు మాట్లాడలేదు. అంచేత గురువారం ఉదయం ఆ కారు కదలకపోతే ఏమవుతుందో మీరే ఊహించుకోండి.

కదలడం కదిలేది, కానీ మూలిగేది. కాస్త వేగం అందుకుంటే చాలు, వెనక నుంచి "ఊఁఁఁ" అని ఒకటే గోల. పెళ్ళికి ముందు ఆదివారం ఆరాధన అయ్యాక, సంగతేమిటో తేల్చుదామని నేను స్టీరింగ్ పట్టాను. సుజాత నర్సు. పక్క సీట్లో వెనక్కి తిరిగి మోకాళ్ళ మీద కూర్చుని, స్టెతస్కోపు చెవుల్లో పెట్టుకుని, దాని బిళ్ళను సీటు వెనకాల రేకుకు ఆనించింది. నాచారం నుంచి ఉప్పల్ వైపు పోతుంటే ఒక ఆటో డ్రైవరు మా పక్కకు వచ్చి మరీ అడిగాడు.

"ఏమైందన్నా, బండికి జరమొచ్చిందా?"

"జర నువ్వు ముందటికి పోరాదే అన్నా, నాకేం ఇనపడ్తలేదు!" అని సుజాత అతణ్ణి కసిరింది. తర్వాత నా మీద పడింది. "ఇప్పుడు తొక్కు. ఆఁ, ఇప్పుడు ఇడిసిపెట్టు. ఆ మలుపు కాడ తిప్పు."

తిరిగొచ్చాక రోగి బంధువులకు చెప్పినట్టు చెప్పింది. "తొక్కితే మూల్గుతుంది, ఇడిస్తే తగ్గుతుంది. మలుపుల మారలే, రోడ్డు మారినా మారలే. అంటే టైర్లు గాదు, చక్రాల బేరింగులు గాదు. నడుమల ఉన్న గుండుల ఉన్నది రోగం."

ఆ గుండు పేరే డిఫరెన్షియల్. ఇంజను శక్తిని రెండు వెనక చక్రాలకూ పంచే పెట్టె అది. లోపలి పళ్ళచక్రాలు ఎప్పుడూ నూనెలో మునిగి తిరగాలి. మామగారు అంతా విని ఎటో చూస్తూ అన్నారు, "నాకెర్కే. మంగళారం మల్కాజిగిరిల కార్డులు పంచొచ్చి నేను చూస్త. నువ్వు ముట్టకు."

"మామా, నేను మెకానికల్ ఇంజనీర్ని!"

"ఇంజనీరువే. అందుకే ముట్టకంటున్న."

ఈ మాట నాకు ఎక్కడో తగిలింది. నిజమే, నేను చేసేది బీమా కంపెనీలో క్లెయిముల ఉద్యోగం. కానీ కాలేజీలో డిఫరెన్షియల్ బొమ్మ గీస్తే పది మార్కులకు ఎనిమిది వచ్చాయి! అలాంటివాణ్ణి పట్టుకుని ముట్టకంటారా? ఆయన వచ్చేసరికి పని ముగించి, చేతులు కట్టుకుని నిలబడాలని తీర్మానించుకున్నాను.

మంగళవారం సెలవు పెట్టాను. ఉప్పల్‌లో గేరు నూనె డబ్బా కొని, చిల్కానగర్‌లో ఉన్న మా ఇంటి వైపు కూడా చూడకుండా సరాసరి మామగారింటికి వెళ్ళాను. ఇంట్లో ఎవరూ లేరు. అత్తమ్మ కూడా కార్డులు పంచడానికి వెళ్ళింది, సుజాత డ్యూటీలో ఉంది. కారును జాకీతో లేపి, స్టాండ్ల మీద నిలబెట్టి కిందికి దూరాను. గుండుకు రెండు ప్లగ్గులు. కిందది విప్పితే పాత నూనె పోతుంది. పైది విప్పితే కొత్త నూనె పోయొచ్చు. ఇంత సులువైన పనికి మామగారు అంత బెట్టు చేశారేమిటా అని నవ్వుకున్నాను కూడా.

కింది ప్లగ్గు చక్కగా వచ్చేసింది. లీటరుకు పైగా రావలసిన నూనె, కింద పెట్టిన పళ్ళెంలోకి టీ గ్లాసులో సగమంత మాత్రమే వచ్చింది. నల్లగా, చిక్కగా, మధ్యలో వెండి పొడి లాంటి మెరుపుతో. రోగం దొరికింది! నూనె లేకే మూలుగుతోంది! నా భుజం నేనే తట్టుకుని, కింది ప్లగ్గు బిగించి, పై ప్లగ్గుకు స్పానర్ పెట్టాను.

జారింది. మళ్ళీ పెట్టాను, మళ్ళీ జారింది. తుప్పు వదిలించే మందు కొట్టాను. సుత్తితో బాదాను. బతిమాలాను. ప్రార్థన కూడా చేశాను. గంటన్నర గడిచేసరికి ఆ ప్లగ్గు తల నున్నగా, గుండ్రంగా తయారైంది. ఉన్న అరగ్లాసూ పళ్ళెంలో ఉంది, కొత్త డబ్బా నా పక్కన ఉంది, పోసే దారి మాత్రం మూసుకుపోయింది. ముందు పైది వస్తుందో లేదో చూసుకుని, ఆ తర్వాతే కిందది ముట్టాలని పని తెలిసిన ఎవరినడిగినా చెబుతారట. నాకు పరీక్షలో ఈ ప్రశ్న రాలేదు.

అప్పుడే సుజాత ఫోన్. "ఏం జేస్తున్నవ్?"

"ఏం లేదు, పండుకున్న."

"పెండ్లి రెండ్రోజులున్నదనంగ పట్టపగలు పండుకునుడేంది?" అని పెట్టేసింది.

ఇంతలో గేటు చప్పుడైంది. మామగారు! గబగబా కారు దించి, పళ్ళెం క్రోటన్ మొక్కల వెనక దాచి, చేతులు ప్యాంటుకు తుడుచుకున్నాను. ఆయన మహా హుషారుగా ఉన్నారు.

"వచ్చినవా అల్లుడా! ఆగు, బండి ఒకసారి చర్చి దాక తీస్కపోయి పాస్టరయ్యగారికి చూపిచ్చొస్త."

చుక్క నూనె లేకుండా ఉప్పల్ దాకా వెళితే ఆ పళ్ళచక్రాలు ఒకదాన్నొకటి నమిలేస్తాయి.

"ఇయ్యాల వద్దు మామా."

"ఎందుకు?"

"ఇయ్యాల... అమాస."

ఆయన నన్ను ఎగాదిగా చూశారు. "మనం ఎప్పటి సంది చూస్తున్నంరా అమాస?"

"అంటే, ఎండ మస్తున్నది. రంగు పోతది."

"ఎనిమిదేండ్ల సంది పోనిది ఇయ్యాల పోతదా?"

"టైర్లల్ల గాలి లేదు."

ఆయన ఒక్కో టైరునూ కాలితో తన్ని చూశారు. నాలుగూ రాయిలా ఉన్నాయి.

"మామా, నాకు కడుపు నొస్తుంది."

"నీకు కడుపు నొస్తే కారెందుకు ఆగాలె?" అంటూ ఎక్కి కూర్చుని ఇంజను స్టార్ట్ చేశారు.

ఇక దారి లేక కారు ముందు అడ్డంగా పడుకున్నాను. త్యాగం గొప్పదే గానీ, అంత కిందికి కూర్చుంటే ఆ పొడవాటి బానెట్ అవతల పడుకున్నవాడు కనిపించడని నాకు తట్టలేదు. "అల్లుడా, ఏడికి పోయినవ్?" అంటూ ఆయన గేరు వేస్తున్నారు. నేను నేల మీద నుంచే చెయ్యెత్తి అరిచాను.

"ఆపుండ్రి మామా! దాంట్ల నూనె లేదు! నేనే తీసేసిన! పై ప్లగ్గు వస్తలేదు!"

ఇంజను ఆగింది. మామగారు దిగి, టార్చి తెచ్చి, కారు కిందికి వంగి చూశారు. పెళ్ళి ఆగిపోయిందనే అనుకున్నాను. చుట్టాలకు ఏం చెప్పాలో కూడా ఆలోచించుకుంటున్నాను.

"ఈ ప్లగ్గు తల ఎవలు గుండ్రం జేసిన్రు?"

"నేనే మామా. పొద్దటి సంది సుత్తితోని..."

"నువ్వు గాదు."

"దేవుని తోడు మామా, నేనే!"

"నువ్వు గాదురా. ఆరేండ్ల కింద నేను జేసిన. అప్పటి సంది దాంట్ల నూనె పొయ్యనీకి రాలే."

నేను లేచి కూర్చున్నాను. ఆయన నా పక్కనే నేల మీద చతికిలబడ్డారు.

"దానికి ఉపాయం ఉన్నది. జర చిన్న సైజు సాకెట్, అదే గొట్టం స్పానరు, దాని తల మీదికి సుత్తితోని కొట్టి ఎక్కియ్యాలె. ఒకలు అది జారకుండ నొక్కి పట్టాలె, ఇంకొకలు పైపేసి గుంజాలె. ఒక్కనితోని అయ్యే పని గాదు."

"మరి ఎవలినన్న పిలుస్తె అయిపోవు గద మామా?"

"ఏమని పిలువాలె? టూల్‌రూమ్ ఫోర్‌మన్ దేవదానం ఒక ప్లగ్గు చెడగొట్టుకున్నడని నాచారమంత దండోరా ఎయ్యాల్నా? ఈ ముచ్చట చెప్పుకోవాలంటె నా అసొంటోడు ఇంకొకడు ఇంట్లకు రావాలె గద." నా భుజం మీద చెయ్యి వేశారు. "వచ్చినవ్."

ఏడవాలో నవ్వాలో తెలియక రెండూ చేశాను. తర్వాత ఇద్దరం కారు మళ్ళీ స్టాండ్ల మీదికి ఎక్కించి కిందికి దూరాం. నేను సాకెట్ నొక్కి పట్టాను. ఆయన దాని పిడికి గజం పొడవు పైపు తొడిగి, గోడకు కాలు తన్నిపెట్టి లాగారు. "కిర్ర్!" అని ఒక్క కేక పెట్టి ప్లగ్గు తిరిగింది. ఆ అరుపు విని నేను సంతోషంతో లేవబోయి తల బాదుకున్నాను. నూనె అంచు దాకా వచ్చి పొర్లేవరకూ పోశాం. టూల్‌రూమ్ రోజుల నాటి డబ్బాలోంచి కొత్త ప్లగ్గు తీసి బిగించారు. వీధి చివరి దాకా నడిపి చూస్తే మూలుగు లేదు. బాగా చెవి పెడితే సన్నని రొద, అంతే.

"నువ్వు ముట్టకపోతే గురువారం నడి రోడ్డు మీదనే గుండు పట్టేసి బండి ఆగిపోతుండె," అన్నారు మామగారు. నాకు వెయ్యి ఏనుగుల బలం వచ్చింది. సుజాతకు చెప్పకూడదని ఇద్దరం ఒట్టేసుకున్నాం.

సాయంత్రం ఆమె వచ్చి, కారును ఒక చుట్టు తిప్పి చూసి, "మూల్గుడు పోయింది! ఎవలు జేసిన్రు?" అంది.

"మామ," అన్నాను నేను.

"అల్లుడు," అన్నారు ఆయన.

"ఒకలి మీద ఒకలు చెప్తున్నరంటె ఇద్దరు గల్సి ఏదో ఆగం జేసిన్రు," అని లోపలికి పోయింది.

గురువారం ఉదయం ఎర్ర కారు చప్పుడు లేకుండా వచ్చి చర్చి ముందు ఆగింది. మామగారు కూతురి చెయ్యి పట్టుకుని నా దాకా నడిపించుకొచ్చారు. చెయ్యి నాకు అందించబోతూ సగంలో ఆపారు. అయ్యగారు వేచి చూస్తున్నారు, జనమంతా చూస్తున్నారు.

"ముందు నాకు ప్రమాణం జెయ్యి," అన్నారు నా చెవిలో.

నేను తలవంచి పలికాను. "మేలుకైనా కీడుకైనా, కలిమికైనా లేమికైనా, జాకీ మీదైనా నేల మీదైనా, మరణం మమ్మల్ని విడదీసే వరకు, పై ప్లగ్గు విప్పకుండా కింది ప్లగ్గు ముట్టను."

"ఆమెన్," అని మామగారు పిల్ల చెయ్యి నా చేతిలో పెట్టారు.